కూర్పు ఒక చోట, మెరుగు మరో చోట
పెండ్లి వీడియోలకు ‘చీటీ’ తంటా

గద్వాల: పెండ్లి రెండు మూడు రోజులలో ముగిసిపోతుంది. పెండ్లి వీడియో మాత్రం ఒక్కోసారి నెలలు గడిచినా చేతికి రాదు. ఆలస్యమంతా స్టూడియో వారి బద్ధకమేనని పెండ్లివారు అనుకోవడం కద్దు. అది కొంతవరకు నిజమే కావచ్చు. కానీ ఈ మధ్యకాలంలో ఆలస్యానికి మరో కారణం తోడైంది. ఒక కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం మీద చేసిన కూర్పును మరో కంప్యూటర్‌లో మరో ప్రోగ్రాం తెరవలేకపోవడమే ఆ కారణం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పట్టణాలలోను, మండల కేంద్రాలలోను ఫోటో స్టూడియో లేని వీధి అరుదు. కెమెరా పట్టేవాడు ఒకడు, డ్రోన్ ఎగరేసేవాడు ఒకడు, ‘మిక్సింగ్’ చేసేవాడు మరొకడు. ముహూర్తాలు దండిగా ఉన్న మాసాలలో చిన్న స్టూడియోల వారు మిక్సింగ్ పని తమ వల్లకాక మహబూబ్‌నగర్‌కో, కర్నూలుకో, హైదరాబాదుకో పంపుతారు. హార్డ్ డిస్కు గుడ్డలో చుట్టుకొని బస్సెక్కుతుంది. అలంపూరు వారికైతే తుంగభద్ర దాటితే కర్నూలే.

తిరిగి వచ్చిన వీడియో చూసుకొని పెండ్లివారు సంతోషిస్తే గొడవ లేదు. మేనత్త ఒడిబియ్యం పోసిన దృశ్యం లేదనో, బరాత్ మరీ పొడుగైందనో, పాట మార్చాలనో అంటేనే చిక్కు. మిక్సింగ్ చేసిన కుర్రవాడు అప్పటికి వేరే ఊరు వెళ్లిపోయి ఉంటాడు. అతను పనిచేసింది ఎడియస్ మీద. ఇక్కడ ఉన్నవాడికి వచ్చింది ప్రీమియర్. డిస్కులో ప్రాజెక్టు ఫైలు కనబడుతూనే ఉంటుంది, తెరుచుకోదు. రెండు నిమిషాల మార్పు కోసం మూడు గంటల వీడియోను మళ్లీ మొదటి నుంచి కూర్చవలసి వస్తుంది. మిగిలిన బాకీ డబ్బు వీడియో చేతిలో పెట్టాకనే ఇవ్వడం ఆనవాయితీ కనుక, ఆ వారం పది రోజుల కూలి స్టూడియో వాడి నెత్తినే పడుతుంది.

పెండ్లివారికీ నష్టం లేకపోలేదు. పెండ్లయిన ఏడాదికో రెండేళ్లకో ఇంటి పెద్ద కాలం చేస్తే, ఆయన కనిపించిన దృశ్యాలన్నీ ఏరి ఇమ్మని ఇంటివారు స్టూడియోకు వస్తారు. మంటపం పక్క కుర్చీలో కూర్చొని నవ్వుతున్న ఆ నాలుగు క్షణాలే వారికి కావలసింది. కూర్పు విప్పగలిగితే అది గంట పని. విప్పలేకపోతే ముద్దగా తయారైన వీడియో నుంచే, పైన పడిన పూలరేకులతో, పేర్లతో సహా కోసి ఇవ్వాలి. అసలు కార్డులలోని దృశ్యాలను ముందే చెరిపేసి ఉంటే అంతకు మించి చేయగలిగింది లేదు.

చీటీ వేరు, సామాను వేరు

ఈ తంటా అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. మిక్సింగ్ చేసేవాడి తెర మీద అడ్డంగా రంగురంగుల పట్టీలు కనబడతాయి. దాన్ని టైమ్‌లైన్ అంటారు. ఆ పట్టీలలో బొమ్మ ఉండదు. ఫలానా కార్డులోని ఫలానా దృశ్యాన్ని ఇక్కడి నుంచి ఇక్కడి దాకా తీసుకో, దాని తరువాత ఇది పెట్టు, మధ్యలో ఇలా కరిగించు, కింద ఈ పాట వెయ్యి అనే ఆజ్ఞలు మాత్రమే ఉంటాయి. పెండ్లి సామాన్ల చీటీ వంటిది అది. చీటీ జేబులో పెట్టుకున్నంత మాత్రాన బియ్యం ఇంటికి రాదు కదా! అందుకే వందల జీబీల వీడియోకు ప్రాజెక్టు ఫైలు చాలా చిన్నది. అది మాత్రమే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకొని, పనంతా తెచ్చుకున్నామని మోసపోయేవారు ఉంటారు.

మన నేతగాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. గద్వాలలోను, రాజోలిలోను, అమరచింతలోను మగ్గం మీద జకార్డు అట్టలు వేలాడుతుంటాయి. గ్రాఫు కాగితం మీద గీసిన డిజైనును అట్టలలో చిల్లులుగా కొట్టి దండలా కుట్టి మగ్గానికి ఎక్కిస్తారు. అట్టలో పట్టూ లేదు, జరీ లేదు. ఏ పోగు ఎప్పుడు లేవాలో మాత్రమే ఉంది. అవే అట్టల మీద ఎర్ర అంచూ నేయవచ్చు, పచ్చ అంచూ నేయవచ్చు. కాని 240 కొక్కేల జకార్డుకు కొట్టిన అట్టలను 120 కొక్కేల దానికి తగిలిస్తే బుటా రాదు. ఎడియస్ ప్రాజెక్టును ప్రీమియర్ తెరవకపోవడం అటువంటిదే. ఎవరి కొక్కేల లెక్క వారిది.

మద్రాసు రోజుల నుంచీ ఉన్నదే

కూర్పును ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చడం కంప్యూటర్లతో పుట్టిన సమస్య కాదు. తెలుగు సినిమాలు మద్రాసులో తయారైన కాలంలో కెమెరాలోని అసలు నెగటివ్ మీద ఎడిటర్ కత్తెర పెట్టేవాడు కాదు. అది ఒక్కటే ఉంటుంది, గీత పడితే పోయినట్టే. దాని నుంచి తీసిన ప్రింటును ముందు కోసి అతికేవారు. ఫిలిం అంచున అడుగడుగుకు ఒక అంకె అచ్చయి ఉంటుంది, 35 ఎం.ఎం. ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములు. కోసిన ప్రింటు మీది అంకెలను చూసి, చేతులకు తొడుగులు వేసుకున్న మరో మనిషి నెగటివ్‌ను సరిగ్గా అక్కడే కోసేవాడు. ఎడిటర్ మనసులోని కూర్పును నెగటివ్ దాకా మోసింది ఆ అంకెలే.

వీడియో టేపు వచ్చాక అంకెల పని టైమ్‌కోడ్‌కు దక్కింది. గంట, నిమిషం, సెకను, ఫ్రేము: ఇవే నాలుగు జంటలు. అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజన్ సంస్థ, మెమొరెక్స్ కంపెనీ కలిసి పెట్టిన సి.ఎం.ఎక్స్. సంస్థ 1971లో కంప్యూటర్‌తో నడిచే ఎడిటింగ్ యంత్రాన్ని తెచ్చింది. ఆ తరం యంత్రాలు కూర్పు జాబితాను చిల్లుల కాగితపు పట్టీ మీద కొట్టి ఇచ్చేవి. మన జకార్డు అట్టలకు దగ్గరి చుట్టమే అన్నమాట. తరువాత ఆ జాబితా ఫ్లాపీలలోకి మారింది. దానినే ఇ.డి.ఎల్. అంటారు. అందులో సి.ఎం.ఎక్స్. 3600 అనే రకం ఈనాటికీ చెలామణిలో ఉంది. యాభై ఏళ్ల నాటి పద్ధతి ఇంకా పనికివస్తోందంటే ఆశ్చర్యమే.

దీని గొప్పతనం ఏమిటంటే, ఇది మామూలు అక్షరాల ఫైలు. ఏ ఖరీదైన ప్రోగ్రామూ లేకుండా, నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదవవచ్చు. ఒక వరుస ఇలా ఉంటుంది:

001 కామ్1 వి సి 00:04:10:00 00:04:13:12 00:00:00:00 00:00:03:12

001 అంటే మొదటి ముక్క. కామ్1 అనేది కార్డు పేరు. ‘వి’ అంటే బొమ్మ, ‘సి’ అంటే తిన్నగా కోసినది. తరువాతి రెండు అంకెల గుంపులు కార్డులోవి: నాలుగు నిమిషాల పది సెకన్ల దగ్గర మొదలై, పదమూడో సెకను పన్నెండో ఫ్రేము వద్ద ముగుస్తుంది. చివరి రెండూ తయారయ్యే వీడియోలోవి: ఇక్కడ సున్నా నుంచి మూడు సెకన్ల పన్నెండు ఫ్రేముల దాకా. రెండు జంటల మధ్య దూరం సమానంగా ఉండాలి. రెండో వరుస ఎక్కడ మొదలవ్వాలో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది: 00:00:03:12. పదో తరగతి పిల్లవాడు కూడా లెక్క సరిచూడగలడు.

అయితే ఇది సాదా చీటీ. బొమ్మకు ఒక్క వరుసే ఉంటుంది. ముక్కలు 999కి మించరాదు, కార్డు పేరు ఎనిమిది అక్షరాలకు మించరాదు. పెండ్లి పాటలకు దృశ్యాలను చిన్నచిన్న ముక్కలుగా కోసే మనవాళ్ల పద్ధతికి 999 ఎంత మాత్రం? అందుకే ముహూర్తం ఒకటి, బరాత్ ఒకటి, విందు ఒకటి అని భాగాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో చీటీ తీయాలి.

ఏది దాటుతుంది, ఏది దాటదు

ఇంతకన్నా పెద్ద చీటీలూ ఉన్నాయి. ఆపిల్ కంపెనీ పాత ఫైనల్ కట్ ప్రోగ్రాం కోసం పుట్టిన ఎక్స్.ఎం.ఎల్. రకాన్ని ప్రీమియర్ రాస్తుంది, డావిన్చి రిజాల్వ్ చదువుతుంది. అందులో బొమ్మ వరుసలు ఎన్నయినా ఉండవచ్చు. ఎ.ఎ.ఎఫ్. అనేది మరొకటి. పెద్ద సినిమాలలో ఎడిటర్ గది నుంచి శబ్దం గదికి కూర్పు పోయేది ఎక్కువగా దీని ద్వారానే. ఎడియస్ కూడా ఇ.డి.ఎల్., ఎ.ఎ.ఎఫ్. రెండూ రాయగలదు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగానికి ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు. రంగులు సరిచేసిన పని అన్నపూర్ణ స్టూడియోస్‌లో జరిగింది. అంత పెద్ద సినిమాలోనైనా కూర్పుకు ఒక గది, రంగుకు ఒక గది, శబ్దానికి ఒక గది. వాటి మధ్య తిరిగేది చీటీయే.

మన జిల్లాలలో ఇప్పుడు పెండ్లి వీడియోలే కాదు, జానపద పాటలను చిత్రించి యూట్యూబులో పెట్టే కుర్రకారు కూడా బయలుదేరారు. వారు ఊళ్లోనే కూర్చి, రంగుల కోసం హైదరాబాదు పంపాలనుకుంటారు. డావిన్చి రిజాల్వ్‌ను 2009లో బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ కొన్న తరువాత ఒక ఉచిత రకాన్ని కూడా విడుదల చేయడంతో రంగుల పనికి దానివైపు మొగ్గేవారు పెరిగారు. డబ్బు పెట్టనక్కరలేదు కదా అని చాలామంది మొదటిసారి చీటీతో తలపడుతున్నది ఇక్కడే.

చీటీ ఏదైనా, కత్తిరింపులు దాటుతాయి. ముక్కల వరుస, వాటి స్థానం, మామూలు కరిగింపు, పాట ఎక్కడ మొదలైందన్న సంగతి చాలావరకు దాటుతాయి. శబ్దం హెచ్చుతగ్గులు ఒక్కోసారి దాటుతాయి, ఒక్కోసారి లేదు. వధూవరుల పేర్లు తిరుగుతూ వచ్చే అక్షరాలు, కొనుక్కున్న పూలరేకుల, ఉంగరాల ఎఫెక్టులు, వేసిన రంగు దాటవు. ఒకే ముక్కలో వేగం నెమ్మదై మళ్లీ హెచ్చే చోట్ల దాదాపు ప్రతిసారీ తేడా వస్తుంది. ఒక కూర్పులో మరో కూర్పును మడిచి పెట్టినా అంతే. అటువంటి భాగాలను ముందుగానే విడి వీడియోగా తయారుచేసుకొని, మామూలు ముక్కలా టైమ్‌లైన్‌లో పెట్టాకనే చీటీ తీయడం మంచిది. దానివల్ల మార్చుకునే స్వేచ్ఛ పోతుంది, నిజమే. కాని ఎర్రతెర రాదు.

ఎర్రతెర అంటే ఈ పని చేసేవారికందరికీ తెలుసు. దృశ్యం ఫైలు చెప్పిన చోట దొరకకపోతే ప్రీమియర్ ఆ స్థానంలో ఎర్రని తెర చూపి మీడియా లేదంటుంది. అది వచ్చినప్పుడు కంగారు పడనక్కరలేదు. ఫైలు ఎక్కడ ఉందో చూపిస్తే అతుక్కుంటుంది. అంతకన్నా ప్రమాదమైనది ఎర్రతెర రాకపోవడం. సోనీ కెమెరాలలో చాలావాటిలో మొదటి దృశ్యం పేరు ‘సి0001’ అని పడుతుంది. రెండు కెమెరాలు పెట్టినా, కార్డు మార్చినా మళ్లీ ‘సి0001’ రావచ్చు. పాత కంప్యూటర్‌లో అవి వేరువేరు ఫోల్డర్లలో ఉన్నందువల్ల గొడవ లేదు. కొత్తచోట అన్నీ ఒకే ఫోల్డరులో పోసి, చీటీ ఇచ్చి అతికించమంటే, ప్రోగ్రాం పేరు ఒకటే కదా అని ఏది దొరికితే దాన్ని అతికిస్తుంది. పుస్తె కట్టే ఘట్టంలో వంటశాలలో పులిహోర కలుపుతున్న దృశ్యం వచ్చి కూర్చుంటుంది. ఎవరూ పూర్తిగా చూడకుండా పెన్‌డ్రైవ్ ఇచ్చేస్తే ఇక చెప్పనక్కరలేదు.

దీనికి మందు చాలా చవక. కార్డు నుంచి డిస్కులోకి ఎక్కించే రోజే, మిక్సింగ్ మొదలుపెట్టక ముందే, ఫైళ్ల పేర్లకు ముందు కెమెరా అంకె, తేదీ చేర్చాలి. మిక్సింగ్ మొదలయ్యాక పేరు మార్చరాదు. మారిస్తే చీటీలోని పేరు ఒకటి, సామాను మీది పేరు ఒకటి అవుతుంది.

ఫ్రేముల లెక్క

మన టెలివిజన్ పద్ధతి ప్రకారం సెకనుకు 25 ఫ్రేములు. సినిమాకు 24. సెల్‌ఫోనులో తీస్తే సాధారణంగా 30. ఇది చిన్న తేడా అనుకోరాదు. 25 లెక్కన గంట వీడియోలో 90,000 ఫ్రేములు ఉంటాయి. అవే ఫ్రేములను 30 లెక్కన నడిపితే 50 నిమిషాలకే అయిపోతుంది; 24 లెక్కన నడిపితే 62 నిమిషాల 30 సెకన్లు పడుతుంది. చీటీ రాసినవాడు ఒక లెక్కలో, చదివేవాడు ఒక లెక్కలో ఉంటే డప్పు దెబ్బ ఒకచోట, అడుగు ఒకచోట పడుతుంది. కొత్త ప్రోగ్రాంలో ముందు ఫ్రేముల లెక్క సరిపెట్టి, ఆ తరువాతనే చీటీ తెరవాలి. రిజాల్వ్‌లోనైతే దృశ్యాలు చేర్చిన తరువాత ప్రాజెక్టు లెక్క మార్చనివ్వదు కూడా.

ఫోను దృశ్యాలతో మరో పేచీ ఉంది. చాలా ఫోన్లు వెలుతురును బట్టి సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను హెచ్చించి తగ్గిస్తాయి. చుట్టాలు పంపిన ఫోను దృశ్యాలను అలాగే కూర్చి చీటీ పంపిస్తే, అవతల పెదవి ఒకసారి, మాట ఒకసారి అవుతాయి. వాటిని ముందే 25 ఫ్రేములకు స్థిరంగా మార్చుకోవాలి. ఇక ఫోను యాప్‌లలోనే మిక్సింగ్ చేసేవారి సంగతి: వాటిలో చాలావాటికి చీటీ రాసే ఏర్పాటే లేదు. అందులో కూర్చింది అందులోనే ఉండిపోతుంది.

2011లో జరిగినది

ఇదంతా చిన్న ఊళ్ల గోల అని పట్టణాల వారు కొట్టిపారేయడానికి లేదు. 2011 జూన్‌లో ఆపిల్ కంపెనీ ఫైనల్ కట్ ప్రోగ్రామును పూర్తిగా కొత్తగా తయారుచేసి విడుదల చేసింది. అది అదే కంపెనీ అంతకు ముందు అమ్మిన ఫైనల్ కట్ 7లో చేసిన ప్రాజెక్టులను తెరవలేకపోయింది! ప్రపంచమంతటా ఎడిటర్లు గగ్గోలు పెట్టారు. చాలామంది ప్రీమియర్‌కు, అవిడ్‌కు మారిపోయారు. అప్పుడు వారిని ఆదుకున్నది పాత ప్రోగ్రాంలో ముందే రాసి ఉంచుకున్న ఎక్స్.ఎం.ఎల్. చీటీలే. ప్రీమియర్ కూడా 2013 నుంచి నెలనెలా, ఏడాదికేడాది అద్దె కట్టే పద్ధతికి మారింది. అద్దె ఆగితే ప్రోగ్రాం ఆగుతుంది; అందులోని పాత పెండ్లిళ్లు కూడా తలుపు వేసుకుంటాయి. పైగా కొత్త ప్రీమియర్‌లో దాచిన ప్రాజెక్టును పాత ప్రీమియర్ సాధారణంగా తెరవదు.

అందరికీ ఒకే చీటీ ఉండాలన్న ప్రయత్నం లేకపోలేదు. బొమ్మల సినిమాలు తీసే పిక్సార్ సంస్థ తన అవసరానికి తయారుచేసుకున్న ఓపెన్ టైమ్‌లైన్ ఐ.ఓ. అనే పద్ధతిని 2017లో ఎవరైనా వాడుకునేలా ఉచితంగా బయటపెట్టింది. తరువాత అది అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నీడకు చేరింది. రిజాల్వ్, ఉచితంగా దొరికే కేడెన్‌లైవ్ దాన్ని చదవగలవు, రాయగలవు. అయినా ఎఫెక్టులు, అక్షరాల సంగతి దానితోనూ పూర్తిగా తీరలేదు. పటం గీయడానికి సర్వేయరు ఉన్నంత మాత్రాన గట్టు తగవు తీరుతుందా?

ఏం అడగాలి?

పెండ్లివారు స్టూడియోకు బయానా ఇచ్చేటప్పుడు ఎన్ని కెమెరాలు, ఎన్ని ఆల్బంలు, డ్రోన్ ఉందా లేదా అని మాత్రమే మాట్లాడుకుంటున్నారు. కార్డులలోని అసలు దృశ్యాలు ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటాయో అప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. కొత్త హార్డ్ డిస్కు ఒకటి కొని ఇచ్చి, అసలు దృశ్యాలన్నీ అందులో వేసి ఇమ్మంటే కాదనే స్టూడియో వారు తక్కువే. వారికీ డిస్కులలో చోటు మిగులుతుంది.

మిక్సింగ్ బయటికి పంపే స్టూడియో వారు తయారైన వీడియోతో సరిపెట్టుకోకుండా మరి కొన్ని తెప్పించుకోవాలి: ప్రాజెక్టు ఫైలు, ఇ.డి.ఎల్. గాని ఎక్స్.ఎం.ఎల్. గాని ఎ.ఎ.ఎఫ్. గాని ఒక చీటీ, వాడిన పాటలు, అక్షరాలకు వాడిన తెలుగు ఫాంటు, ఇంకా మూలన టైమ్‌కోడ్ అంకెలు పరుగెత్తే ఒక నమూనా వీడియో. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. కొత్తచోట చీటీ తెరిచాక, ఆ నమూనాను పక్కన నడిపి ఒక్కో కత్తిరింపును పోల్చి చూస్తేనే ఎక్కడ తేడా పడిందో బయటపడుతుంది. ఫాంటు లేకపోతే మాత్రం పెండ్లికొడుకు పేరులో ఒత్తులు, గుణింతాలు విడిపోయి డబ్బాలు కనబడతాయి.

ప్రోగ్రాం మార్చదలచిన స్టూడియోల వారు చేతిలో సగం నడుస్తున్న పెండ్లిని కొత్తదానిలోకి మార్చే సాహసం చేయకపోవడమే మేలు. పాతదాన్ని పాతదానిలోనే ముగించి, ముహూర్తాలు లేని ఆషాఢంలో ఒక చిన్న వీడియోతో, పుట్టువెంట్రుకలదో, గృహప్రవేశానిదో, అటు ఇటు మార్చి చూసుకోవచ్చు. పాత కంప్యూటర్‌ను తూకానికి అమ్మే ముందు అందులోని ప్రతి ప్రాజెక్టును ఒకసారి తెరిచి చీటీ రాసి పెట్టుకోవాలి. ఆ కంప్యూటర్ పోయాక చీటీ రాసిచ్చేవారు ఉండరు.